తలుపు మూస్తే కనపడే రంగులు

కుంచె పిన్ని ఏ ఇంటికి రంగు వేయడానికి వెళ్లినా ముందు ఇంటావిడతో చెప్పే మాట ఒకటే. "అమ్మా, కాస్త వీధి తలుపు వేసుకోండి."

వీధికి కొత్తగా వచ్చినవాళ్లు తెల్లమొహం వేసేవారు. పనికి పిలిస్తే వచ్చి, గడప తొక్కకుండానే తన మొహాన తలుపేయమనే మనిషిని వాళ్లు ఎక్కడా చూసి ఉండరు. పాతవాళ్లు మాత్రం మాట్లాడకుండా తలుపు మూసి లోపల గడియ పెట్టుకునేవారు. అప్పుడు పిన్ని బకెట్లు దించి, ఆ తలుపు పక్కన గోడ ముందు చతికిలబడేది.

ఆ వీధిలో ఇళ్లు ఇరుకు. తలుపు లోపలికి తెరుచుకుంటే మంచం వేసుకునే చోటు పోతుందని కట్టినవాళ్లు తలుపులన్నీ బయటికి పెట్టారు. పొద్దున్న తీసిన తలుపు వీధి గోడకి ఆనుకుని చీకటి పడేదాకా అలాగే ఉండేది. దాని వెనకున్న గోడకి ఎండ తగలదు, వాన తగలదు. ఆ మరుగున, నేల దగ్గర్నుంచి పైకి, అరచేయంత గడులు ఒకదాని మీద ఒకటి ఉండేవి. అడుగున పసుపు, దాని మీద ఇటుకరంగు, ఆపైన నీలం, ఆపైన లేత గులాబి. ఆ ఇంటికి పడ్డ రంగులన్నీ అక్కడ వరసగా ఉండేవి. పిన్ని వాటిని వేలితో ఒకసారి తడిమి, పై గడికి ఆనుకుని సుద్దముక్కతో ఇంకో గడి గీసేది. గోడంతా కొత్త రంగు వేసినా, పాత రంగున్న ఆ గడిలో మాత్రం కుంచె పెట్టేది కాదు.

అది ఆమె తండ్రి పెట్టిన పద్ధతి. ఆయనకి చదువు రాదు. వానలకి ఎక్కడో పెచ్చు ఊడుతుంది, ఇంటావిడ వచ్చి "అదే రంగు కాస్త పూసి వెళ్లవయ్యా" అంటుంది. అదే రంగు అంటే ఏ రంగు? పుస్తకంలో రాసుకోలేని మనిషి గనక గోడలోనే దాచుకున్నాడు. "గుర్తుపెట్టుకోవడం మన పని కాదే, గోడ పని" అనేవాడు కూతురితో.

ఆ కూతురికి అప్పుడు తొమ్మిదేళ్లు. సున్నం బకెట్టు మోయడంతో ఆమె చదువు మొదలైంది, అక్కడే ఆగింది కూడా. నానిన సున్నాన్ని గుడ్డలో వడకట్టడం, అందులో రంగుపొడి చిటికెడు చిటికెడుగా కలపడం, చేతులు పగిలితే నూనె రాసుకుని మళ్లీ అదే బకెట్టులో పెట్టడం. పదహారేళ్లకి నిచ్చెన ఎక్కింది. ఆడపిల్ల నిచ్చెన ఎక్కిందని వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. కింద నిచ్చెన పట్టుకోవడానికి తండ్రి కుదిర్చిన కుర్రాడు రెండేళ్లు పట్టుకుని, మూడో ఏడు ఆమెని పెళ్లి చేసుకున్నాడు. "నిన్ను కింద పడకుండా చూసింది నేను" అని ఆయన చివరిదాకా గొప్పలు పోయేవాడు. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. కొడుకు బస్సు నడుపుతాడు. కోడలు పెళ్లయిన మూడు నెలలు ఇంట్లో కూర్చుని విసిగి, ఒకరోజు తలకి గుడ్డ చుట్టుకుని అత్త వెంట బయల్దేరింది. అప్పట్నుంచి గోడ పై సగం కోడలిది, కింది సగం అత్తది.

ఆమె తనకన్నా పెద్దవాళ్లకి కూడా కుంచె పిన్నే. పనిలో ఆమెకి ఇంకో పట్టుదల ఉంది. రంగు కలిపి ఒక ఇటుకకి పూసి ఎండలో పెడుతుంది. అది పూర్తిగా ఆరి, అసలు రంగు తేలేదాకా ఇంటివాళ్ల దగ్గర అవునూ కాదూ అనే మాట తీసుకోదు. "తడి మీద అన్నీ ముదురుగానే కనపడతాయి. ఇప్పుడు బాగుందంటారు, రేపు నన్ను తిడతారు" అంటుంది. తొందరపెడితే బకెట్టు ఎత్తుకుని వెళ్లిపోతుంది. ఆమె ఇంటి పెరటి గోడ సగం అలాంటి ఇటుకలే.

ఆ వీధికి మునిసిపాలిటీ నోటీసు వచ్చినప్పుడు పిన్నికి అరవై రెండేళ్లు.

వీధిని అభివృద్ధి చేస్తారట. నది ఒడ్డున కొత్తగా వేసిన బాట మీదుగా ఊరు చూడటానికి వచ్చేవాళ్లు ఈ వీధిలోంచే పైకి ఎక్కుతారు గనక, రాళ్లు పరిచి, వరసగా దీపాలు పెట్టి, వీధికి పూర్వరూపం తెస్తారట. అందుకని ఇరవై మూడు ఇళ్లూ ముందు గోడకి మీగడ రంగు, తలుపులకి గోధుమరంగు వేసుకోవాలి. అరవై రోజుల్లో వేసుకోకపోతే మునిసిపాలిటీయే మనుషుల్ని పెట్టి వేయిస్తుంది. అభ్యంతరాలుంటే ఫలానా తేదీన కమిషనరు ముందు చెప్పుకోవచ్చు.

నోటీసులు అంటించడానికి వచ్చిన ఇంజినీరు కుర్రాడు, మర్యాదస్తుడే. అందరూ చుట్టుముట్టేసరికి సంచీలోంచి ఒక పాత ఫోటో తీసి చూపించాడు.

"చూడండమ్మా. వీధి కట్టిన కొత్తలో తీసింది. ఇళ్లన్నీ ఒకే రంగు. మేం సొంతంగా కల్పించింది కాదు. మీ వీధి అసలు రంగే మీకు తిరిగిస్తున్నాం."

పిన్ని కళ్లజోడు సర్దుకుని ఆ నలుపు తెలుపు ఫోటోని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇందులో ఆకాశం కూడా మీగడ రంగే కదా బాబూ. దానికీ నోటీసు అంటించారా?"

వీధంతా గొల్లున నవ్వింది. ఇంజినీరు చెవులు ఎర్రబడ్డాయి గానీ, అతనికీ నవ్వాగలేదు.

ఆ సాయంత్రం దర్జీ కొట్లో అందరూ చేరారు. దర్జీది వీధి మొదట్లో ఇల్లు. ముదురు నీలం గోడ, ఎర్రటి తలుపు. దూరం నుంచి చూస్తే ఆ ఇల్లు తప్ప ఇంకేదీ కంటికి ఆనదు. ఆయనకి ఆ ఇల్లంటే ప్రాణం. రెండేళ్ల కిందట గోడ కింది భాగం చెమ్మ పడుతోందని గీకించి రాతి పలకలు వేయించుకున్నాడు. అందుకని ఆయన ఇంటి గడులు మాత్రం పోయాయి.

"నాకు మీగడ రంగు వేస్తే నేను బయటికి రాను. కొట్టు కూడా తెరవను" అన్నాడు టేపు మెడలో వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ. "పిన్నీ, నువ్వు చెప్పు. ఈ వీధికి ఎప్పుడైనా ఒకటే రంగుందా?"

"ఏనాడూ లేదు" అంది పిన్ని తడుముకోకుండా. "తలుపులేసుకుని చూసుకోండి. మా నాన్న పెట్టిన అడుగు గడి ఒక ఇంట్లో ఉన్నట్టు ఇంకో ఇంట్లో లేదు. టీచరమ్మగారింట్లో నీలం, మా ఇంట్లో పసుపు."

"అంతే! ఇంకేం కావాలి!" దర్జీ బల్ల మీద చరిచాడు. అర్జీ అక్కడికక్కడే రాశారు. మొదటి వాక్యం పిన్ని మాటే: మా వీధికి ఒకే రంగు ఏనాడూ లేదు. అందరూ సంతకాలు పెట్టారు. పిన్ని పక్కింట్లో ఉండే టీచరమ్మ, రిటైరై పదేళ్లయినా ఇంకా అందరి తప్పులూ దిద్దే మనిషి, ఆ రోజెందుకో ఒక్క తప్పూ పట్టకుండా సంతకం చేసి వెళ్లిపోయింది.

విచారణకి ఇంకా మూడు రోజులుందనగా, మధ్యాహ్నం పూట కోడలు గుమ్మం ముందు కూర్చుని కుంచెలు కడుగుతోంది. పని లేని రోజు వాళ్లిద్దరి మధ్యా ఒకటే తగువు.

"గెలిస్తే మన ఇంటికి ఊదారంగు వేద్దాం అత్తయ్యా."

"ఊదా? వంకాయలో కాపురం ఉన్నట్టుంటుంది."

"ఊరందరి ఇళ్లకీ వాళ్లడిగిన రంగు వేస్తారు. నేనడిగితే వంకాయా?"

"వాళ్ల ఇళ్లలో నేనుండాలా ఏమన్నా?"

కోడలు నవ్వి, ఉత్తినే తలుపు సగం మూసి గడుల వంక చూసింది. "ఈ అడుగున ఉన్న పసుపు తాతయ్య వేసిందా?"

"కాదే. ఆయన రంగు వేయడానికి వచ్చేసరికి ఉన్నది. దాన్ని ఉంచి, మిగతా గోడకి ఆయన ఇటుకరంగు వేశాడు."

"అయితే ఈ పసుపు ఎవరు వేశారు? వాళ్లు దేని మీద వేశారు?"

పిన్ని వంగి పసుపు గడి మీద వేలు పెట్టింది. యాభై ఏళ్లకి పైగా ఆ గడులు చూస్తోంది. వాటిని కాపాడాలన్న ధ్యాసే గానీ, అడుగు గడి కింద ఏముందో అన్న ఆలోచన తండ్రికీ రాలేదు, తనకీ రాలేదు. లోపలికి వెళ్లి లప్పం రేకు, తడిగుడ్డ తెచ్చింది. గడి మూలన, వేలిగోరంత మేర, రేకు అంచుతో మెల్లగా గీకింది. పసుపు పోయింది. కింద ఇంకో ముదురు పసుపు. దాని కింద తెలుపు. ఆ కింద సన్నటి మురికి గీత. దాని కింద లేత ఆకుపచ్చ, నీళ్లు ఎక్కువైన ఆకుపచ్చ. ఆ కింద ఇక రంగు లేదు, ఇసుక తగిలింది.

"ఆసుపత్రి గోడలా ఉంది" అంది కోడలు. "పోనీలెండి, మనింటిదేగా."

పిన్ని లేచింది. పక్కింటికి వెళ్లి టీచరమ్మని అడిగి తలుపు మూయించి, అడుగునున్న నీలం మూలన గీకింది. అదే ఆకుపచ్చ. ఎదురింట్లో అదే. ఆ పై ఇంట్లో అదే. గీకుతున్న చప్పుడు విని టీచరమ్మ కిటికీలోంచి తొంగిచూసి, ఏమిటని కూడా అడగకుండా తెర లాగేసుకుంది. పొద్దువాలేసరికి పిన్ని పదకొండు ఇళ్లు చూసింది. అన్నింట్లోనూ అదే. తండ్రి మొదలుపెట్టిన చోటే వీధి మొదలైందనుకుంది తను. ఆ మాట వీధి చేత సంతకం పెట్టించి మరీ పంపించింది.

నేరుగా దర్జీ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కుట్టు మిషను ఆపేశాడు.

"ఇప్పుడేం కొంపలు మునిగాయి పిన్నీ? నువ్వు గీకావని ఎవరికి తెలుసు? గోరంత గుంటలే కదా, లప్పం పెట్టెయ్."

"గోడకైతే పెడతాను. నోటికి ఎలా పెట్టను?"

"నువ్వు నోరు విప్పితే మా అందరి నోట్లో మట్టి. మునిసిపాలిటీ వాళ్లకి కావలసింది అదే. ఒకే రంగు ఉండేదని మన సాక్షే చెప్పిందంటారు. రేపు వీధిలో ఒక్కరు నిన్ను పనికి పిలవరు, చూసుకో."

"పిలవకపోతే మానెయ్యండి. ఆ అర్జీలో మొదటి మాట నాది. అది తప్పని తెలిశాక నేను అక్కడ నిలబడి అది నిజమని ఎలా అనను?"

"నిజమనొద్దు. ఊరికే కూర్చో. వాళ్లడిగితే కదా!"

పిన్ని ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ రేకు పట్టుకుని బయల్దేరింది. ఈసారి గుంటగా కాకుండా ఏటవాలుగా గీకి, తడిగుడ్డతో తుడిచి, గోడకి ముక్కు తాకేంత దగ్గరగా వంగి చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి.

"ఏం లెక్కపెడుతున్నారత్తయ్యా?" అంది కోడలు.

"మురికి" అంది పిన్ని.

ఇంటికి వచ్చాక తలుపు మూసి, గడుల ముందు చాలాసేపు కూర్చుంది. ఆ తర్వాత సన్న ఉలితో తన ఇంటి అడుగు గడిని, తండ్రి ఈ వీధిలో పెట్టిన గడుల్లోకెల్లా మొదటిదాన్ని, వెనకున్న ఇసుకతో సహా పెచ్చుగా కోసి తీసింది. కోడలు అయ్యో అంటూనే కింద గుడ్డ పట్టింది. పెచ్చుని మెత్తని గుడ్డలో చుట్టి ఇద్దరూ లోపలికి వెళ్లారు.

విచారణ మునిసిపాలిటీ ఆఫీసు పై అంతస్తులో, పొడుగు బల్ల ఉన్న గదిలో. కమిషనరు ఒక నడివయసు ఆవిడ. తక్కువ మాట్లాడి ఎక్కువ వినే రకం. వీధివాళ్లంతా గోడల వెంట నిలబడ్డారు. ఇంజినీరు ఫోటో, మీగడ రంగు అట్ట బల్ల మీద పెట్టి తన మాట చెప్పాడు. తర్వాత దర్జీ లేచి అర్జీ చదివాడు.

చదవడం ముగిశాక కమిషనరు తన చేతిలోని కాగితం చూసి, "మొదటి వాక్యం వదిలేశారేం?" అంది.

దర్జీ అర్జీని వెనక్కీ ముందుకీ తిప్పాడు. "అది... కంగారులో..."

"కంగారు కాదు మేడమ్" అంటూ పిన్ని వెనక నుంచి ముందుకొచ్చింది. "ఆ వాక్యం నాది. అది తప్పు. మా వీధికి ఒకప్పుడు ఒకటే రంగు ఉండేది."

గదిలో ఒక్కసారిగా కలకలం లేచింది. "ఈవిడకేం పోయేకాలం!" అని ఎవరో పైకే అన్నారు. దర్జీ తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. ఇంజినీరు మొహం వెలిగిపోయింది. "మేం మొదట్నుంచీ చెబుతున్నది అదే మేడమ్."

"ఒకటే రంగు బాబూ. మీ మీగడ కాదు" అని పిన్ని గుడ్డ విప్పి పెచ్చుని బల్ల మీద నిలబెట్టింది. "దీని అంచు చూడండి మేడమ్. అన్నింటికన్నా అడుగున ఆకుపచ్చ ఉంది చూడండి, అది. పదకొండు ఇళ్లు గీకాను, పదకొండింట్లోనూ అదే."

కమిషనరు కళ్లజోడు తీసి పెచ్చుని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. "ఈ నల్ల గీతలేమిటి?"

"అవే మేడమ్ నేను చెప్పాలని వచ్చింది. రంగు వేసిన గోడ మీద ఏడాదికింత అని దుమ్ము పడుతుంది. మళ్లీ రంగు వేస్తే ఆ దుమ్ము మధ్యలో ఉండిపోతుంది. ఈ రెండు పసుపుల మధ్య గీత ఎంత లావుందో చూడండి. ఐదారేళ్లు ఉండి ఉంటుంది. ఇప్పుడు ఆకుపచ్చ మీద గీత చూడండి. వెంట్రుకంత. ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. పదకొండు ఇళ్లలోనూ అంతే. ఇంకో సంగతి. ఒక రంగు వేసుకున్నవాళ్లు నచ్చితే మళ్లీ అదే వేసుకుంటారు, మా ఇంట్లో పసుపు మీద పసుపు పడ్డట్టు. ఆకుపచ్చ మీద ఆకుపచ్చ ఒక్క ఇంట్లో లేదు. ఒక్క పూత. అది కట్టినవాళ్లు వేసి ఇచ్చింది. దాన్ని రెండోసారి ఎవరూ అడగలేదు."

పిన్ని గొంతు పెంచలేదు. ఇంటావిడకి ఇటుక చూపించి మాట్లాడినట్టే మాట్లాడుతోంది.

"వీధికి పాత రూపు తెస్తామంటున్నారు. తెండి, మంచిదే. ఏది పాతది మేడమ్? కట్టినవాడు వేసి పోయిన ఏడాది రంగా, ఉన్నవాళ్లు అరవై ఏళ్లు వేసుకున్న రంగులా? నాకు తెలిసిన నిజం రెండు ముక్కలు. రెండూ చెప్పాను. ఒకటి మాకు మంచిది కాదు, ఇంకోటి మీకు మంచిది కాదు."

అప్పుడు గోడ పక్కనున్న బెంచీ మీంచి టీచరమ్మ లేచింది. బడిలో నిలబెట్టిన పిల్లలా చేతులు కట్టుకుని నిలబడింది.

"ఆకుపచ్చ నాకు తెలుసు. ఈ వీధి మిల్లువాళ్లు కట్టించారు. మేం వచ్చేసరికి నాకు ఆరేళ్లు. చెబితే కేసు పోతుందని నోరు మూసుకుని సంతకం పెట్టాను." పిన్ని వంక చూసింది. "ఏవమ్మా, నువ్వు రెండు రోజులు గోడలు గీకి కనిపెట్టింది నేను కిటికీలోంచి ఒక్క మాటలో చెప్పగలిగేదాన్ని. చెప్పలేదు."

"రంగు ఎందుకు మార్చారు?" అంది కమిషనరు.

"ఇల్లు గుర్తుపట్టలేక!" టీచరమ్మ మొహంలోకి నవ్వొచ్చింది. "అన్నీ ఒకేలా ఉండేవి. మా నాన్న ఒకసారి రాత్రి షిఫ్టు నుంచి నిద్రమత్తులో వచ్చి, పక్కింట్లోకి వెళ్లి, కాళ్లు కడుక్కుని, పీట వాల్చుకుని 'అన్నం పెట్టవే' అన్నారు. ఆ ఇంటావిడ పెట్టింది కూడా. తినేసి చెయ్యి కడుక్కుంటూ మొహం చూశారు. మిల్లువాళ్లు ఇళ్లు మాకు అమ్మేసిన మర్నాడే మా అమ్మ నీలం రంగు తెచ్చి తనే పూసింది. 'ఇప్పుడు దారి తప్పండి చూస్తాను' అంది."

గదంతా నవ్వింది. కమిషనరు కూడా నవ్వి, మళ్లీ సర్దుకుని కాగితాలు ముడిచింది. "రేపు పొద్దున్న నేనే వచ్చి చూస్తాను."

వచ్చింది. ఇంజినీరు పక్కన, చేతిలో కాగితాల అట్ట. వీధి మొదట్లో నిలబడి అటూ ఇటూ చూసింది. రంగురంగుల గోడలు కనపడుతున్నాయి గానీ గడులు ఎక్కడా కనపడటం లేదు.

పిన్ని వీధి మధ్యకి వచ్చి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి కేకేసింది. "అమ్మా, అందరూ తలుపులేసుకోండి!"

మొదట టీచరమ్మ తలుపు పడింది. తర్వాత ఎదురింటిది, ఆ పైది. వీధి పొడుగునా ఒకదాని వెనక ఒకటి తలుపులు ధడేల్ ధడేల్మని పడుతుంటే ఇంజినీరు పాలిపోయాడు. "మేడమ్, వెళ్లిపోదామా? ఇది నిరసనలా ఉంది."

కమిషనరు కదల్లేదు. తలుపు పడ్డ ప్రతిచోటా దాని మరుగునున్న గోడ బయటపడుతోంది. ఒక ఇంటి పక్కన ఏడు గడులు, ఒక ఇంటి పక్కన తొమ్మిది, మడమ దగ్గర్నుంచి నడుందాకా వరసగా. ఎండ ఎన్నడూ తగలని రంగులు గనక నిన్న పూసినట్టున్నాయి. ఆ ఇరుకు వీధి రెండు వైపులా, కింది నుంచి పై మలుపు దాకా, అరవై ఏళ్లుగా అందులో బతికినవాళ్ల ఇష్టాయిష్టాలన్నీ అరచేతులు చాచి చూపించినట్టున్నాయి. ఇంజినీరు అట్ట చంకలో పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు.

పిన్ని ఇంటి దగ్గర కమిషనరు ఆగింది. అడుగు గడి ఉండవలసిన చోట ఇసుక తేలిన గుంట ఉంది. "నిన్న తెచ్చింది ఇక్కడిదేనా?"

"అవును మేడమ్."

"మళ్లీ పెట్టించుకుంటారా? పెచ్చు నా దగ్గరే ఉంది."

"ఉంచండి మేడమ్. ఆఫీసులో ఉంటే ఇంకెవరైనా మీగడ అన్నప్పుడు పనికొస్తుంది."

కమిషనరు నవ్వింది. "అయితే ఇంకేం కావాలో చెప్పండి. ఒక్కో ఇంటికి దాని గడుల్లో ఉన్న రంగులు ఉంచుకోవచ్చని రాయమంటారా?"

వీధిలో వాళ్ల మొహాలు విచ్చుకున్నాయి. అక్కడితో చాలని ఎవరైనా అనుకునేవారు. పిన్ని మాత్రం గడుల పైన ఖాళీగా ఉన్న గోడ మీద చెయ్యి వేసింది. "పైన ఒక గడికి చోటుంచండి మేడమ్. ఉన్నవాటిలోనే ఏరుకోమంటే ముందొచ్చినవాళ్లదే ఇల్లవుతుంది. తర్వాత వచ్చినవాళ్లు కూడా ఒకటి వేసుకోవాలి కదా." అని పక్కన నిలబడ్డ కోడల్ని చూపించింది. కోడలు బిత్తరపోయి తలగుడ్డ సర్దుకుంది.

నెల తిరిగేసరికి కొత్త ఉత్తర్వు వచ్చింది. గోడకి ఆ ఇంటి గడుల్లోని ఏ రంగైనా సరే. అవి కాక, పదేళ్లకొకసారి ఒక కొత్త రంగు. కొత్త రంగైతే ముందు ఇటుక మీద పూసి, పూర్తిగా ఆరిన నమూనా ఆఫీసులో చూపించాలి. ఆ చివరి షరతు పిన్ని పెరట్లో ఇటుకలు చూసి ఇంజినీరు రాసిందని అందరికీ తెలుసు. తలుపులు మాత్రం గోధుమరంగే. ఆ విషయంలో ఎంత మొరపెట్టుకున్నా ఎవరూ వినలేదు. దర్జీ ఎర్ర తలుపు పోయింది. గడులు లేవు గనక నీలం గోడని కొత్త రంగు కింద రాయించుకోవలసి వచ్చింది.

"పదేళ్లకొక్క కొత్త రంగు ఇస్తే అది కాస్తా పాత రంగుకే పోయింది" అని ఆయన నెల్లాళ్లు మొహం మాడ్చుకున్నాడు. పిన్నితో ఆ నెల్లాళ్లూ మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు కొలతలు తీయకుండానే ఆమెకి పనిలో వేసుకునే చొక్కా ఒకటి కుట్టి, కోడలి చేతికిచ్చి పంపించాడు. కుంచెలు పెట్టుకోవడానికి పక్కన పొడుగు జేబు ఉంది. చేతులు కాస్త పొట్టి. "కోపం మీద కుట్టాడు" అంది పిన్ని, తొడుక్కుని.

రాళ్లు పరచడం పూర్తయ్యాక అత్తాకోడళ్లు సొంత ఇంటి పని పెట్టుకున్నారు. కోడలు ఊదారంగు నాలుగు ఇటుకల మీద నాలుగు రకాలుగా కలిపి ఎండబెట్టి, మూడోది పట్టుకుని ఆఫీసుకి వెళ్లి ముద్ర వేయించుకొచ్చింది. పిన్ని చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది తప్ప అందులో వేలు పెట్టలేదు.

ఆ రోజు పొద్దున్న కోడలే వీధి తలుపు మూసింది. గడుల వరస పైన, ఇప్పుడున్న గంధం రంగు చుట్టూ, సుద్దముక్కతో నాలుగు గీతలు గీసింది. ఒక గీత వంకర పోయింది. చెరిపి మళ్లీ గీయబోతే పిన్ని వద్దంది.

"ఉండనీ. ఎవరు గీశారో తెలియాలిగా."

మధ్యాహ్నానికి పై సగం అయింది. కోడలు నిచ్చెన దిగి, వీధికి అవతలి వైపుకి వెళ్లి వెనక్కి తిరిగి చూసి గుండె బాదుకుంది. "అత్తయ్యా! నల్లగా వచ్చేసింది!"

"ఎన్నేళ్లుగా చెబుతున్నాను నీకు? ఆరనివ్వవే ముందు. తర్వాత ఏడుద్దువుగాని."

కోడలు ఏడవలేదు గానీ అన్నం కూడా తినలేదు. పిన్ని కింది సగం పూర్తి చేసి, కుంచె కడిగి కొత్త చొక్కా జేబులో పెట్టుకుని, వీధి దాటి కోడలి పక్కన నిలబడింది. ఎండ వాలింది. పై నుంచి కిందికి గోడ మెల్లమెల్లగా ఆరి నలుపు వదులుతోంది.

"చెప్పండత్తయ్యా. ఎలా ఉంది?"

"వంకాయలాగే ఉంది" అంది పిన్ని. తల కొద్దిగా పక్కకి వంచి మళ్లీ చూసి, "లేత వంకాయ" అంది.